పది వేల టన్నుల సందు: వాషింగ్టన్ ఒప్పందం నుంచి విశాఖ బాంబుల దాకా

ఈ ఎపిసోడ్ మా అమ్మమ్మతో మొదలుపెడతాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మా అమ్మమ్మ కాలాన్ని రెండు ముక్కలు చేసి చెప్పేది. బాంబులకు ముందు, బాంబుల తర్వాత. ఎవరైనా ఎప్పుడు పుట్టారంటే "బాంబులు పడ్డ మరుసటేడు" అనేది. 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాన్ విమానాలు విశాఖపట్నం రేవు మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖ రేవు తెరిచి అప్పటికి ఇంకా పదేళ్లు కూడా కాలేదు. ఊళ్లో సగం మంది దొరికిన బండి కట్టించుకుని లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. మా వాళ్లు ఇత్తడి సామాను నూతిలో పడేసి, తలుపుకు తాళం వేసి, విజయనగరం అవతల చుట్టాల ఊరు చేరారట. తిరిగొచ్చాక నూతిలోంచి బిందెలు తీయించడానికి ఒక పూట పట్టిందని నవ్వుతూ చెప్పేది. భయం మాత్రం చెప్పేది కాదు.

విశాఖ మ్యూజియంలో అప్పుడు పడిన బాంబు ఒకటి పెట్టారు, చూసే ఉంటారు. నేను చాలాసార్లు చూశాను. కానీ ఆ బాంబు తెచ్చిన విమానం ఎక్కడి నుంచి లేచింది అన్న ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా వచ్చింది. అది లేచింది బంగాళాఖాతంలో ఉన్న 'ర్యూజో' అనే చిన్న విమానవాహక నౌక మీది నుంచి. ఆ వారంలోనే ఆ దళం బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరకు ఓడలను ముంచేసింది.

ఇప్పుడు అసలు విషయం. ఆ ర్యూజో అనే ఓడ పుట్టడానికి కారణం యుద్ధం కాదు. శాంతి ఒప్పందం. సరిగ్గా చెప్పాలంటే, శాంతి ఒప్పందంలో మిగిలిపోయిన ఒక సందు. ఆ ఒప్పందం ఏంటి, ఆ సందు ఎలా వచ్చింది, ఇరవై ఏళ్లలో అంతా ఎలా కూలిపోయింది, ఇదీ ఇవాళ మనం చెప్పుకోబోయేది.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిసింది. జర్మనీ నౌకాదళాన్ని పట్టుకెళ్లి స్కాట్లాండ్ దగ్గర స్కాపా ఫ్లో అనే చోట కట్టేశారు. 1919 జూన్ 21న జర్మన్ నావికులు తమ ఓడలను తామే ముంచేసుకున్నారు. అంటే బ్రిటన్‌కు పక్కలో బల్లెంలా ఉన్న శత్రువు పోయాడు. ఇక ఓడల పోటీ ఆగిపోవాలి కదా? ఆగలేదు. ఈసారి పోటీ మొన్నటిదాకా ఒకే పక్షాన ఉన్నవాళ్ల మధ్య మొదలైంది.

అమెరికా 1916లోనే పెద్ద చట్టం చేసింది. పది యుద్ధనౌకలు, ఆరు బ్యాటిల్ క్రూయిజర్లు కట్టాలని. ఎవరికీ తీసిపోని నౌకాదళం కావాలన్నది వాళ్ల మాట. జపాన్ 'ఎనిమిది-ఎనిమిది' పథకం పెట్టుకుంది, ఎనిమిది యుద్ధనౌకలు, ఎనిమిది బ్యాటిల్ క్రూయిజర్లు. ఈ రెండింటినీ చూసి బ్రిటన్ కూడా కొత్త ఓడలకు సిద్ధమైంది. అయితే బ్రిటన్ అప్పుల్లో మునిగి ఉంది, ఆ అప్పులో పెద్ద వాటా అమెరికాదే. అంటే అప్పిచ్చినవాడితో పోటీపడి ఓడలు కట్టాలన్నమాట. జపాన్ సంగతి ఇంకా ఘోరం. 1921లో దేశ బడ్జెట్‌లో దాదాపు మూడో వంతు ఒక్క నౌకాదళానికే పోతోంది. ఇంట్లో వచ్చే జీతంలో మూడో వంతు తలుపు తాళాలకే పెడితే బియ్యం ఎక్కడి నుంచి వస్తాయి?

అమెరికాలో కూడా జనం విసిగిపోయి ఉన్నారు. సెనేటర్ బోరా అనే ఆయన, మూడు దేశాలూ ఓడల నిర్మాణం సగానికి తగ్గించుకోవాలని తీర్మానం పెట్టాడు. దానికి జనంలో గొప్ప మద్దతు వచ్చింది. 1920 ఎన్నికల్లోనే అమెరికా అంతటా ఆడవాళ్లకు ఓటు వచ్చింది, మహిళా సంఘాలు నిరాయుధీకరణ కోసం గట్టిగా పట్టుబట్టాయి. చివరికి అధ్యక్షుడు హార్డింగ్ వాషింగ్టన్‌లో సమావేశానికి తొమ్మిది దేశాలను పోగేశాడు.

1921 నవంబర్ 12. ముందురోజే ఆర్లింగ్టన్‌లో మొదటి యుద్ధంలో చనిపోయిన పేరు తెలియని సైనికుడికి సమాధి కట్టారు. ఆ బరువుతోనే అందరూ సభకు వచ్చారు. మొదటి రోజు కదా, స్వాగతాలు, పొగడ్తలు, ఫొటోలు, అంతే అనుకున్నారు. మన దగ్గర సభలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అక్కడా అదే ఊహించారు.

అమెరికా విదేశాంగ మంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ లేచాడు. గడ్డం ఉన్న పెద్దమనిషి, వృత్తిరీత్యా లాయరు, సుప్రీంకోర్టు జడ్జిగా చేసినవాడు. తన మనసులో ఏముందో కొద్దిమందికి తప్ప ఎవరికీ చెప్పలేదు. లేచి, పోటీని ఆపాలంటే దారి ఒక్కటే, ఆపేయడమే అన్నాడు. పదేళ్లపాటు కొత్త యుద్ధనౌక ఏదీ కట్టొద్దన్నాడు. అక్కడితో ఆగినా గొప్పే. ఆగలేదు. అమెరికా తన ఓడలు 30 పగలగొడుతుంది, మొత్తం 8,45,740 టన్నులు అన్నాడు. తర్వాత బ్రిటన్ వైపు తిరిగి, మీరు 19 పగలగొట్టండి అన్నాడు. జపాన్‌ను 17 అన్నాడు. ఊరికే అంకెలు కాదు, ఏ ఓడ పోవాలో పేర్లు పెట్టి మరీ చదివాడు. మొత్తం 66 ఓడలు, దాదాపు 18 లక్షల 78 వేల టన్నులు.

బ్రిటిష్ అడ్మిరల్ బీటీ ఆ పేర్లు వింటూ కుర్చీలో ముందుకు వంగిపోయాడని అక్కడున్నవాళ్లు రాశారు. ప్రపంచంలోని అడ్మిరల్స్ అందరూ కలిసి శతాబ్దాల్లో ముంచినదానికంటే ఎక్కువ ఓడలను ఈ లాయరు అరగంటలో ముంచాడని ఒక ఇంగ్లిష్ పాత్రికేయుడు అన్నాడు. నిజమే. అదీ ఒక్క గుండు పేలకుండా.

సరే, ఇక లెక్కకొద్దాం. ఈ ఎపిసోడ్‌కు గుండెకాయ ఈ లెక్కే, కాబట్టి కాస్త నిదానంగా వెళ్దాం.

హ్యూస్ ప్రతిపాదన సారం 5:5:3 నిష్పత్తి. అమెరికా 5, బ్రిటన్ 5, జపాన్ 3. ఫ్రాన్స్, ఇటలీలకు చెరి 1.75. టన్నుల్లో చెప్పాలంటే అమెరికా, బ్రిటన్‌లకు చెరి 5,25,000. జపాన్‌కు 3,15,000. ఫ్రాన్స్, ఇటలీలకు చెరి 1,75,000. ఒక్కో యుద్ధనౌక 35,000 టన్నులు దాటకూడదు, దాని ఫిరంగి గొట్టం వెడల్పు 16 అంగుళాలు దాటకూడదు.

అప్పటికి టన్ను అంటే ఏంటో కూడా ఒక్కో దేశం ఒక్కో రకంగా లెక్కపెట్టేది. ఒకరు ఇంధనం కలిపి, ఒకరు సగం కలిపి. అందుకని ఒప్పందంలోనే నిర్వచనం రాశారు. మనుషులు, ఆయుధాలు, మందుగుండు, తిండి, మంచినీళ్లు అన్నీ ఎక్కించి, సముద్రంలోకి వెళ్లడానికి సిద్ధంగా ఉన్న ఓడ బరువు. ఇంధనమూ, బాయిలర్‌కు దాచుకునే నీళ్లూ మాత్రం కలపకూడదు. దీన్నే 'స్టాండర్డ్ టన్ను' అన్నారు. తూకం రాయి అందరికీ ఒకటే ఉండాలి కదా, లేకపోతే సంతలో గొడవే. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. రాయి ఒకటే పెట్టారు గానీ, తూచి చూసేవాడిని పెట్టలేదు. ఎవడి ఓడ బరువు వాడు చెప్పుకోవడమే. ఓడలు కట్టే చోటికి వెళ్లి తనిఖీ చేసే ఏర్పాటు ఆ ఒప్పందంలో లేదు.

ఇప్పుడు జపాన్ ఎందుకు మొత్తుకుందో చూద్దాం. వాళ్లు అడిగింది 10కి 7. ఇస్తానన్నది 10కి 6. ఈ ఒక్క అంకె కోసం అంత పట్టుదల ఎందుకు? చాలామంది పరువు కోసం అనుకుంటారు. పరువు కొంత ఉంది. కానీ వెనకాల ఒక లెక్క ఉంది. పసిఫిక్ దాటి వచ్చి దాడి చేసేవాడు గెలవాలంటే, కాపు కాసేవాడికంటే ఒకటిన్నర రెట్ల బలం ఉండాలని జపాన్ నౌకాదళ పండితులు తేల్చుకున్నారు. అమెరికా దగ్గర 10, మన దగ్గర 7 ఉంటే? 10ని 7తో భాగించండి, 1.43 వస్తుంది. ఒకటిన్నర కంటే తక్కువ. అంటే మనం నిలబడతాం. మన దగ్గర 6 ఉంటే? 1.67. ఒకటిన్నర దాటింది. అంటే ఓడిపోతాం. అదీ సంగతి. వాళ్ల దృష్టిలో 6కీ 7కీ మధ్య ఉన్నది బతుకూ చావూ మధ్య తేడా.

ఇక్కడ ఇద్దరు కటోలు వస్తారు, కంగారు పడొద్దు. చుట్టరికం లేదు, ఇంటిపేరు ఒకటే. ఒకరు కటో టొమొసబురో, నౌకాదళ మంత్రి, ప్రతినిధి బృందానికి పెద్ద. ఇంకొకరు కటో కాంజి, నౌకాదళ నిపుణుడు. కాంజి 7 తగ్గితే ఒప్పుకోకూడదని పంతం పట్టాడు. టొమొసబురో ఆలోచన వేరు. ఆయన వాదన నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే. దేశ రక్షణ ఒక్క సైనికుల సొత్తు కాదు. యుద్ధానికి డబ్బు కావాలి. ఇప్పుడు మనకు యుద్ధం వస్తే అమెరికాతోనే రావచ్చు. కానీ మనకు అప్పివ్వగలిగిన దేశం కూడా అమెరికా ఒక్కటే. కాబట్టి అమెరికాతో యుద్ధం మనవల్ల కాదు, దాన్ని తప్పించుకోవడమే మన రక్షణ. ఒక నౌకాదళ మంత్రి నోట ఈ మాట! పైగా హద్దులే లేకుండా పోటీ నడిస్తే అమెరికా కట్టే ఓడల్లో తాము ఆరో వంతో, ఏడో వంతో కూడా కట్టలేమోనని ఆయనకు తెలుసు. నిష్పత్తి అనేది జపాన్‌కు సంకెల మాత్రమే కాదు, అమెరికాకు కూడా సంకెలే. ఇది ఆయన చూశాడు, కాంజి చూడలేదు.

ఈలోగా తెరవెనక ఒక నాటకం. న్యూయార్క్‌లో ఒక మామూలు ఇంట్లో హెర్బర్ట్ యార్డ్లీ అనే ఆయన కొద్దిమంది సిబ్బందితో 'బ్లాక్ చాంబర్' నడుపుతున్నాడు. పని ఏంటంటే ఇతర దేశాల రహస్య తంతి సందేశాలను విప్పి చదవడం. జపాన్ లిపి వాళ్లకు దొరికిపోయింది. 1921 నవంబర్ 28న టోక్యో నుంచి వాషింగ్టన్‌కు వచ్చిన తంతిని విప్పితే అందులో ఏముంది? అమెరికాతో గొడవ పెట్టుకోవద్దు. ముందు 10కి 6.5 కోసం ప్రయత్నించండి. తప్పకపోతే 10కి 6 ఒప్పుకోండి, కానీ పసిఫిక్ ద్వీపాల్లో కొత్త కోటలు కట్టకూడదని హామీ తీసుకోండి.

ఇంకేముంది! ఎదుటివాడి చివరి ధర తెలిశాక బేరగాడు ఎందుకు తగ్గుతాడు? హ్యూస్ బిగదీసుకు కూర్చున్నాడు. జపాన్ 6కు దిగింది. యార్డ్లీ పదేళ్ల తర్వాత, 1931లో, ఇదంతా పుస్తకం రాసి బయటపెట్టాడు. ఆ పుస్తకం జపాన్‌లో విపరీతంగా అమ్ముడుపోయింది. మమ్మల్ని మోసం చేశారన్న కోపం అక్కడ ఎంత రాజుకుని ఉంటుందో ఊహించుకోండి. తంతి విప్పడం అమెరికాకు ఆరోజు లాభం. పదేళ్ల తర్వాత ఆ లాభానికి వడ్డీ కట్టాల్సి వచ్చింది.

అలాగని జపాన్ ఉత్త చేతులతో వెళ్లలేదు. ఇది చాలామంది మర్చిపోతారు. ఫిలిప్పీన్స్, గువామ్‌లలో అమెరికా, హాంకాంగ్‌లో బ్రిటన్ కొత్త కోటలు కట్టకూడదని ఒప్పందంలో రాయించుకుంది. హవాయికీ, సింగపూర్‌కీ మినహాయింపు. దాని అర్థం, హవాయి నుంచి సింగపూర్ దాకా ఉన్న నీళ్లలో జపాన్‌కు దీటైన స్థావరం ఎవరికీ లేదు. అమెరికా తన 5ని రెండు మహాసముద్రాలకు పంచుకోవాలి, బ్రిటన్ తన 5ని ప్రపంచమంతా పంచుకోవాలి. జపాన్ 3 మాత్రం ఇంటి ముందే ఉంటుంది.

ఇంకోటి 'ముత్సు' అనే ఓడ. హ్యూస్ పగలగొట్టమన్న జాబితాలో అది ఉంది, ఇంకా పూర్తి కాలేదని ఆయన వాదన. పూర్తయిందని జపాన్ వాదన. దాని ఖర్చులో బడిపిల్లలు ఇచ్చిన చందాలు కూడా ఉన్నాయి, అది పగలగొడితే దేశానికి ముఖం చూపించలేమన్నారు. చివరికి ముత్సు మిగిలింది. దానికి బదులుగా అమెరికా రెండు ఓడలు పూర్తి చేసుకుంది, బ్రిటన్ రెండు కొత్తవి కట్టుకుంది. ఇంత గొడవపడి దక్కించుకున్న ముత్సు చివరికి ఏమైందంటే, 1943 జూన్‌లో సొంత రేవులో లంగరు వేసి ఉండగానే దాని మందుగుండు గది పేలి మునిగిపోయింది. వెయ్యి మందికి పైగా పోయారు.

1922 ఫిబ్రవరి 6న సంతకాలు అయ్యాయి. అందులో భారతదేశం పేరు మీద కూడా ఒక సంతకం ఉంది, తెలుసా? బ్రిటిష్ సామ్రాజ్య బృందంలో భారత ప్రతినిధిగా వెళ్లినవారు వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి గారు, మద్రాసు రాజధానికి చెందినవారు. మనకు సొంత యుద్ధనౌక లేదు, సొంత విదేశాంగ విధానం లేదు, సంతకం మాత్రం ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత బాంబులు పడింది ఆ మద్రాసు రాజధాని తీరం మీదే.

ఆ తర్వాత నిజంగానే ఓడలు పగలగొట్టారు. జపాన్ 'తోసా' అనే కొత్త ఓడను గురి పరీక్షలకు వాడుకుని ముంచేసింది. అమెరికా సగం కట్టిన 'వాషింగ్టన్' అనే ఓడనే సముద్రంలో ముంచింది. 1924 ఏప్రిల్‌లో 'ఆస్ట్రేలియా' అనే ఓడను సిడ్నీ బయటికి తీసుకెళ్లి ముంచేశారు. కాగితం మీద సంతకం పెట్టి ఇంత ఇనుము వదులుకోవడం అంతకుముందు చరిత్రలో లేదు. ఈ మాట ఒప్పుకోవాలి.

మరి సందు ఎక్కడ వచ్చింది?

ఒప్పందం యుద్ధనౌకల గురించి గట్టిగా మాట్లాడింది. క్రూయిజర్ల విషయంలో ఒక్కోటి 10,000 టన్నులు, 8 అంగుళాల ఫిరంగి దాటకూడదని చెప్పింది గానీ, ఎన్ని కట్టుకోవచ్చో చెప్పలేదు. ఏమైంది? అన్ని దేశాలూ సరిగ్గా 10,000 టన్నుల, 8 అంగుళాల క్రూయిజర్లు కట్టడం మొదలుపెట్టాయి. 'ఇంతకు మించొద్దు' అన్న గీత 'ఇంతకు తగ్గొద్దు' అన్న గీతగా మారిపోయింది. జపాన్ క్రూయిజర్లు కొన్ని ఆ గీత దాటేశాయి కూడా. తూచేవాడు లేడు కదా.

ఇక విమానవాహక నౌకలు. 1922లో అవింకా ప్రయోగాలు, ఎవరికీ పెద్ద లెక్క లేదు. వాటికీ కోటా పెట్టారు. జపాన్‌కు 81,000 టన్నులు. పగలగొట్టాల్సిన ఓడల్లో రెండింటిని విమానవాహక నౌకలుగా మార్చుకోవచ్చన్నారు. అమెరికా 'లెక్సింగ్టన్', 'సారటోగా'లను మార్చుకుంది. జపాన్ 'అకాగి', 'అమాగి'లను మార్చాలనుకుంది. 1923 సెప్టెంబర్ 1న వచ్చిన పెద్ద భూకంపంలో అమాగి నిర్మాణంలో ఉండగానే విరిగిపోయింది. దాని బదులు 'కాగా'ను తీసుకున్నారు. అకాగి, కాగా, ఈ రెండు పేర్లూ పెర్ల్ హార్బర్ కథలో మళ్లీ వస్తాయి. ఒప్పందం చంపమన్న ఓడలు ఒప్పందం ఇచ్చిన వరంతోనే మరింత ప్రమాదకరంగా తిరిగి పుట్టాయి.

ఈ రెండూ కలిపి అధికారిక లెక్కలో 53,800 టన్నులు మింగాయి. జపాన్‌కు మిగిలింది 27 వేల చిల్లర. అప్పుడు ఎవరో ఒప్పందాన్ని మళ్లీ చదివారు. అందులో విమానవాహక నౌక అంటే 10,000 టన్నులు దాటినది అని రాసుంది. మరి 8,000 టన్నులది కడితే? అది విమానవాహక నౌకే కాదు! కోటాలోకి రాదు. ఎన్నైనా కట్టుకోవచ్చు.

అలా 1929లో మొదలైందండీ ర్యూజో. మా అమ్మమ్మ చేత బిందెలు నూతిలో వేయించిన ఓడ.

దాని మీద ఒప్పందం కసి కూడా తీర్చుకుంది. 1930లో లండన్‌లో ఇంకో ఒప్పందం కుదిరింది, 10,000 లోపు విమానవాహక నౌకలు కూడా లెక్కలోకే వస్తాయని ఆ సందు మూసేసింది. ఇక చిన్న ఓడ వల్ల లాభం లేదు. ఎలాగూ కోటా ఖర్చవుతోంది, విమానాలు ఎక్కువ పట్టాలి కదా అని, చిన్న ఓడ మీద ఇంకో అంతస్తు లేపారు. పునాది ఒక అంతస్తుకు వేసి రెండంతస్తులు కడితే ఏమవుతుంది? ఓడ తల బరువెక్కి ఊగిసలాడింది. 1934లో 'తొమొజురు' అనే చిన్న జపాన్ టార్పెడో పడవ ఇలాంటి తలబరువుతోనే తుఫాను గాలికి బోల్తాపడింది, దాదాపు వంద మంది పోయారు. ఆ తర్వాత ర్యూజోకూ కింద బరువు పెంచి మరమ్మతులు చేశారు. టన్నుల లెక్క తగ్గించి చూపే పోటీలో నావికుల ప్రాణాలు పోయాయన్నమాట.

మధ్యలో 1927లో జెనీవాలో ఒక సమావేశం జరిగింది. ఫ్రాన్స్, ఇటలీ రానన్నాయి. బ్రిటన్ తన సముద్ర మార్గాలకు 70 క్రూయిజర్లు కావాలంది. అమెరికా తక్కువ చాలు, కానీ పెద్దవి కావాలంది. తెగలేదు. రెండేళ్ల తర్వాత షియరర్ అనే ఆయన కోర్టుకెక్కాడు. జెనీవాలో సమావేశానికి అడ్డం పడ్డందుకు ఓడల కంపెనీలు తనకు ఇంకా రెండున్నర లక్షల డాలర్లకు పైగా బాకీ ఉన్నాయని! ఆ దావాతోనే సంగతంతా బయటపడి, అమెరికా సెనేట్ విచారణ జరిపింది. శాంతి కుదిరితే కొందరి వ్యాపారం పోతుంది, ఆ ముక్క ఎప్పుడూ మర్చిపోకూడదు.

ఇప్పుడు 1930 లండన్. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇదే. జపాన్ ప్రధాని హమగుచి ఒసాచి. దేశం ఆర్థిక మాంద్యంలో ఉంది, పొదుపు చేయాలి. లండన్‌లో రాజీ కుదిరింది. జలాంతర్గాముల్లో అమెరికాతో సమానం, మొత్తం మీద చిన్న ఓడల్లో దాదాపు 70 శాతం, పెద్ద క్రూయిజర్లలో మాత్రం 60 దగ్గర. నిజానికి జపాన్ కోరినదానికి చాలా దగ్గర. కానీ కటో కాంజి అప్పటికి నౌకాదళ ప్రధాన వ్యూహాధికారి అయ్యాడు. సేనల విషయంలో చక్రవర్తికే అధికారం, ప్రధాని వేలు పెట్టడానికి ఎవడు అని లేచి, రాజీనామా చేశాడు. పత్రికలు, పార్టీలు మంట ఎగదోశాయి. హమగుచి తొణక్కుండా ఒప్పందాన్ని ఆమోదింపజేశాడు. 1930 నవంబర్ 14న టోక్యో రైల్వే స్టేషన్‌లో ఒక జాతీయవాద యువకుడు ఆయన్ను తుపాకితో కాల్చాడు. ఆ గాయంతోనే 1931 ఆగస్టులో పోయాడు.

అదే స్టేషన్‌లో తొమ్మిదేళ్ల ముందు ఇంకో ప్రధాని పోయాడు. హర తకాషి. వాషింగ్టన్ సమావేశానికి బృందాన్ని పంపింది ఆయనే. సమావేశం మొదలవడానికి ఎనిమిది రోజుల ముందు, 1921 నవంబర్ 4న కత్తిపోటుకు బలయ్యాడు. ఆ హత్యకు కారణం ఓడల ఒప్పందం కాదు, వేరే కోపాలు. కానీ ఇద్దరూ పడిన చోట్ల టోక్యో స్టేషన్ నేల మీద ఇప్పటికీ గుర్తులున్నాయి. రోజూ లక్షల మంది వాటి పక్క నుంచే నడిచి వెళ్తారు.

హమగుచి తర్వాత ఒప్పందం వైపు మాట్లాడాలంటే ప్రాణం మీద ఆశ వదులుకోవాల్సిన పరిస్థితి. 1931 సెప్టెంబర్‌లో సైన్యం మంచూరియాలోకి దూరింది. 1932 మే 15న ప్రధాని ఇనుకాయిని నౌకాదళ కుర్ర అధికారులే ఇంట్లోకి వెళ్లి కాల్చారు. 1934 డిసెంబర్ 29న జపాన్ వాషింగ్టన్ ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు నోటీసు ఇచ్చింది. 1936 చివరితో ఒప్పందం ముగిసింది.

యూరప్‌లో ఇంకో ఘనకార్యం. 1935 జూన్ 18న బ్రిటన్ హిట్లర్‌తో విడిగా ఒప్పందం చేసుకుంది. జర్మనీ నౌకాదళం బ్రిటన్‌దాంట్లో 35 శాతం ఉండొచ్చు, జలాంతర్గాముల్లో ఇంకా ఎక్కువ. వెర్సాయ్ సంధి జర్మనీకి జలాంతర్గాములే వద్దంది. ఆ సంధిని కాపాడాల్సినవాడే ఫ్రాన్స్‌ను అడక్కుండా దాన్ని చింపేశాడు. 1939 ఏప్రిల్‌లో హిట్లర్ ఆ ఒప్పందాన్నీ చింపేశాడు.

జపాన్ 1937 నవంబర్‌లో 'యమాటో' మొదలుపెట్టింది. దాదాపు 64,000 టన్నులు, పాత పరిమితికి రెట్టింపుకు దగ్గర. దాని తోబుట్టువు 'ముసాషి'ని నాగసాకిలో కట్టారు. ఎవరికీ కనపడకుండా నార తాళ్లతో పెద్ద తెరలు అల్లి వేలాడదీశారు. ఎంత తాడు వాడారంటే ఆ చుట్టుపక్కల జాలర్లకు వలల తాడు దొరక్కుండా పోయింది. చివరికి రెండింటినీ ముంచింది విమానాలే. వాటి ఫిరంగులు ఎదురుచూసిన మహాయుద్ధం, ఓడకు ఓడ నిలబడి పోరాడటం, జరగనే లేదు.

మరి ఈ కథలో తేలిందేంటి? ఒప్పందం వృథా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. పదిహేనేళ్లపాటు యుద్ధనౌకల పోటీ ఆగింది, అన్ని దేశాల ఖజానాలూ ఊపిరి పీల్చుకున్నాయి. ఒప్పందమే జపాన్‌ను కట్టేసి యుద్ధానికి తోసిందంటారు ఇంకొందరు. దానికి జవాబు 1940 జూలైలో ఉంది. ఒప్పందాలు పోయాక, ఫ్రాన్స్ పడిపోయాక, అమెరికా ఒకే చట్టంతో తన నౌకాదళాన్ని దాదాపు 70 శాతం పెంచడానికి సిద్ధమైంది. అందులో ఒక్క విమానవాహక నౌకలే 18. అప్పుడు అర్థమైంది, 10కి 6 అన్నది అవమానం కాదు, అదృష్టమని. 1921లోనే కటో టొమొసబురో చెప్పింది అదే. ఆయన 1922లో ప్రధాని అయ్యాడు గానీ, మరుసటేడు ఆగస్టులోనే పోయాడు. ఆయన మాట మిగల్లేదు.

నాకు అర్థమైనంతలో ఒప్పందాన్ని చంపినవి రెండు. ఒకటి, అంకెలకు కాపలా లేకపోవడం. అందులోంచి ర్యూజోలు పుట్టాయి. కానీ సందులు మూయొచ్చు, 1930లో మూశారు కూడా. రెండోది మూయలేనిది. సంతకం పెట్టి ఇంటికి వచ్చినవాడిని ఇంటివాళ్లే ద్రోహి అనడం. హ్యూస్, బాల్ఫర్ ఇంటికెళ్తే పూలదండలు పడ్డాయి. హమగుచికి తూటా పడింది. ఎదుటి దేశంతో కుదిరే రాజీ కంటే, సొంత ఊళ్లో ఆ రాజీని చెప్పుకుని బతికి ఉండటమే కష్టం. అది కుదరని చోట ఏ టన్నుల లెక్కా నిలవదు.

ర్యూజో సంగతి చెప్పి ముగిస్తాను. విశాఖ మీద బాంబులు వేసిన నాలుగున్నర నెలలకే, 1942 ఆగస్టు 24న, సోలమన్ ద్వీపాల దగ్గర అమెరికా విమానాలు దాన్ని ముంచేశాయి. ఆ విమానాలు లేచింది సారటోగా మీది నుంచి. అదీ ఒప్పందం పగలగొట్టమంటే, మార్చి మిగుల్చుకున్న ఓడే.

ఈసారి విశాఖ మ్యూజియానికి వెళ్తే ఆ బాంబు దగ్గర ఒక్క నిమిషం ఎక్కువ నిలబడండి. మీ ఇంట్లో పెద్దవాళ్లు బాంబుల ఏడు గురించి ఏమైనా చెప్పి ఉంటే కింద రాయండి, నేను తప్పకుండా చదువుతాను.